పక్క పొలంలో కొత్త బోరు పడి మీ బోరు ఎండిందా? తగాదాకు దిగే ముందు చేయాల్సిన పనులు

మీ బోరు ఇన్నాళ్లూ రెండించుల నీళ్లు పోసింది. పక్క పొలంలోకి బోరు బండి వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే మోటారు గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఊళ్లో ఎవరిని కదిపినా "నీ నీళ్లు వాడు లాగేశాడు, స్టేషన్‌కి పో" అంటారు. పోతే పోలీసులు ఇది సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు. అక్కడి నుంచి లాయరు, ఇంజంక్షన్ (అవతలివాళ్లను ఆపే కోర్టు ఉత్తర్వు), వాయిదాలు. ఏడాది తిరిగేసరికి పంట పోతుంది, ఫీజుల డబ్బు పోతుంది, పక్కవాళ్లతో మాట పోతుంది. బోరు మాత్రం ఎండే ఉంటుంది.

ఇలాంటి గొడవల్లో న్యాయం తమ వైపున్న రైతులు కూడా ఓడిపోతుంటారు. అడగాల్సింది వదిలేసి, చట్టం ఇవ్వలేనిది అడగడం వల్లే ఎక్కువసార్లు అలా జరుగుతుంది. "నా నీళ్లు తిరిగి ఇప్పించండి" అంటే ఏ కోర్టూ ఇప్పించలేదు. "అనుమతి లేకుండా, రిజిస్టర్ కాని బండితో, తాగునీటి బోరు పక్కనే తవ్వారు. దానివల్ల మా బోరులో మట్టం ఇన్ని అడుగులు పడిపోయింది, ఇవిగో కొలతలు" అంటే తహసీల్దారైనా జడ్జి అయినా కదలాల్సి వస్తుంది. ఈ రెండో మాట అనగలిగే స్థితికి మీరు ఎలా రావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఇది వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

భూమి కింది నీటి మీద మన దేశంలో ఇప్పటికీ నడుస్తున్న మూల సూత్రం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో, అంటే పక్క భూమి మీద ఉండే వాడుక హక్కుల చట్టంలో ఉంది. స్పష్టమైన కాలువలా పారకుండా భూమి లోపల అక్కడక్కడా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు ఆ భూమి యజమానికి ఉందని ఏడో సెక్షన్ ఉదాహరణగా చెబుతుంది. పదిహేడో సెక్షన్ ఇంకో మెలిక పెట్టింది: అలాంటి భూగర్భ జలం మీద ఏళ్ల తరబడి వాడుకున్నంత మాత్రాన హక్కు పుట్టదు. అంటే మీ తాత కాలం నుంచి ఆ బావి నీళ్లే పారుతున్నా, పక్కవాళ్లు తమ పొలంలో లోతుగా తవ్వితే "నా పాత హక్కు పోయింది" అని ఈ చట్టం కింద అడగలేరు. ఇంగ్లండులో 1843, 1859లలో వచ్చిన తీర్పుల నీడ ఇది. నీరు భూమి లోపల ఎలా కదులుతుందో తెలియని రోజుల్లో, నూతులే తప్ప సబ్‌మెర్సిబుల్ మోటార్లు లేని రోజుల్లో పుట్టిన సూత్రం. వెయ్యి అడుగుల లోతుకు తవ్వుతున్న ఈ కాలానికి ఇది సరిపోదనే నా గట్టి అభిప్రాయం. కానీ పుస్తకంలో ఉన్నంతకాలం అవతలి లాయరు దాన్నే చదువుతాడు.

దీనికి విరుగుడుగా రెండు విషయాలు మీ చేతిలో ఉన్నాయి. ఒకటి కోర్టుల మాట. ప్రకృతి వనరులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసులో చెప్పింది. ఆ సూత్రాన్ని లోతు భూగర్భ జలాలకు వర్తింపజేస్తూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లో ఎం.పి.రాంబాబు కేసులో తీర్పిచ్చింది. భూమి ఉన్నవారికి నీరు వాడుకునే హక్కే ఉంటుంది, ఇతరుల హక్కుకు దెబ్బ తగిలేలా వాడకూడదన్నది దాని సారం. మీ లాయరుకు ఈ కేసు పేరు చెప్పండి. అయితే కోర్టులన్నీ ఒకే దారిలో లేవు. కేరళలోని ప్లాచిమడలో కోకా కోలా కర్మాగారం మీద పంచాయతీ వేసిన కేసులో 2003లో సింగిల్ జడ్జి ఇదే సూత్రంతో పంచాయతీ వైపు నిలబడితే, 2005లో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ దాన్ని తిరగరాసింది. కాబట్టి ఒక్క తీర్పును నమ్ముకుని కేసు వేయకండి.

రెండోది వాల్టా, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా అదే అమల్లో ఉంది. మీ అసలు ఆయుధం ఇదే. బావులు, బోర్లు నమోదు కావాలి. బోరు బండ్లు రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సాగుకో వ్యాపారానికో బోరు వేయాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. నీటిని మితిమీరి తోడేసిన ప్రాంతంగా ప్రకటించిన ఊళ్లలో తాగునీటికి తప్ప కొత్త బోర్లకు అనుమతి ఉండదు. నీటిమట్టం దెబ్బతింటోందని తేలితే ఒక ప్రాంతంలో పంపింగునే కొంతకాలం ఆపించే అధికారం కూడా ఈ చట్టం ఇచ్చింది. మండల స్థాయిలో దీన్ని చూసేది తహసీల్దారు, జిల్లా స్థాయిలో కలెక్టరు.

ఢిల్లీలోని కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థకు ఫిర్యాదు పంపమని కొందరు సలహా ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లో భూగర్భ జలాల నియంత్రణ రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనే ఉంది. అక్కడికి రాసి జవాబు కోసం నెలలు పోగొట్టుకోకండి.

కొలతలు: ఈ పని ముందు, మిగతావన్నీ తర్వాత

పక్క బోరు పడింది కాబట్టే మీ బోరు ఎండిందని మీకు అనిపించవచ్చు. అది నిజమో కాదో మీకే ముందు తేలాలి. కేసింగు పైపు చిల్లిపడి మట్టి దిగి ఉండవచ్చు, మోటారు పాతబడి ఉండవచ్చు, ఊరంతా నీటిమట్టం పడిపోయి ఉండవచ్చు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా భాగం బండ నేల. పైన కొన్ని మీటర్ల మందాన మొరం, పుచ్చురాయి ఉంటుంది, దాని కింద ఎక్కువ చోట్ల గట్టి గ్రానైటు. నీరుండేది ఆ మొరంలోనూ, బండ పగుళ్లలోనూ మాత్రమే. రెండు బోర్లు ఒకే పగులు మీద పడితే అర ఫర్లాంగు దూరంలో ఉన్నా ఒకదాని నీళ్లు ఒకటి లాగుతాయి. వేర్వేరు పగుళ్ల మీద ఉంటే ముప్పై అడుగుల దూరంలో ఉన్నా ఒకదానితో ఒకటికి సంబంధమే ఉండకపోవచ్చు. అందుకే దూరం ఒక్కటే చూసి మాట్లాడితే నిలబడదు.

తేల్చుకునే పద్ధతి కష్టమైనదేమీ కాదు. రెండు బోర్లూ రాత్రంతా ఆపాలి. తెల్లవారి మీ బోరులో నీటిమట్టం ఎన్ని అడుగుల కింద ఉందో కొలవండి. కేసింగుకూ డెలివరీ పైపుకూ మధ్యనున్న సందులోంచి, నీరు తగలగానే లైటు వెలిగే లేదా మోగే కొలత వైరును దింపాలి. భూగర్భ జల శాఖ వాళ్ల దగ్గరా కొందరు మోటారు మెకానిక్కుల దగ్గరా ఇది ఉంటుంది. మోటారు కేబులుకు చుట్టుకోకుండా నెమ్మదిగా దింపండి. తర్వాత మీది ఆపి ఉంచి పక్క బోరు మాత్రమే నాలుగైదు గంటలు నడిపించి, అరగంటకోసారి మీ బోరులో మట్టం కొలిచి రాయండి. పక్కది ఆపాక కూడా మరో రెండు గంటలు కొలవండి. అవతల మోటారు నడుస్తుంటే మీ మట్టం దిగి, అది ఆగాక మళ్లీ ఎక్కితే రెండూ ఒకే నీటిని తాగుతున్నట్టు. దిగకపోతే మీ గొడవ వేరే చోట ఉంది, ఇంకొకరితో వైరం పెట్టుకోకండి.

పక్కవాళ్లు దీనికి ఒప్పుకుంటారా అంటే, తగాదా ముదరకముందు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. "నీ మీద కేసు వేయను, నిజం తేల్చుకుందాం రా" అని వరస కలిపి పిలిచి, ఊళ్లో ఇద్దరికీ నమ్మకమైన పెద్దమనిషిని పక్కన పెట్టుకోండి. పంచాయతీ కార్యదర్శి వస్తే మరీ మంచిది. కొలతల కాగితం మీద అందరితో సంతకాలు చేయించండి. ఒప్పుకోకపోతే వాళ్లు మోటారు వేసే వేళలు, ఆపే వేళలు గమనిస్తూ మీ మట్టం మీరే కొలుచుకోవచ్చు. పది పదిహేను రోజుల లెక్క ఉంటే అందులోనూ తేడా కనిపిస్తుంది.

మట్టంతో పాటు నీటి పోత కూడా కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, నిమిషానికి 120 లీటర్లు. "ఇంచున్నర వచ్చేది, ఇప్పుడు ముప్పావు వస్తోంది" అనడం కన్నా ఈ అంకె అధికారికి బాగా అర్థమవుతుంది. వారానికోసారి ఒకే సమయానికి కొలిచి, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాస్తూ పోండి.

భూగర్భ జల శాఖ చాలా చోట్ల ప్రత్యేకంగా కొలత బోర్లు వేసి ప్రతి నెలా మట్టం నమోదు చేస్తుంది. మీకు దగ్గర్లో ఉన్న కొలత బోరు లెక్కలు, గత ఐదారేళ్ల మే, నవంబరు నెలలవి, జిల్లా కార్యాలయంలో అడగండి. మీ ఊరు ఏ వర్గంలో ఉందో కూడా అడగండి. ఏటా ఇంకే నీటిలో 70 శాతం లోపే తోడితే సురక్షితం, 90 దాకా అయితే పాక్షిక సంక్లిష్టం, 100 దాకా సంక్లిష్టం, ఆపైన అయితే మితిమీరిన వినియోగం అని లెక్క కడతారు. ఊరు మొత్తం మట్టం పడిపోయిందని ఆ లెక్కలు చెబితే పక్కవాళ్ల ఒక్క బోరు మీద నెపం పెట్టడం కష్టం. ఊరి మట్టం నిలకడగా ఉండి మీ బోరు ఒక్కటే పడిపోయిందంటే మాత్రం మీ వాదనకు అంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు.

మీ కాగితాలు, వాళ్ల కాగితాలు

ఫిర్యాదు రాసే ముందు మీ బోరుకు అనుమతి, నమోదు ఉన్నాయో లేవో చూసుకోండి. మన పల్లెల్లో సగం తగాదాలు ఇక్కడే చల్లబడతాయి, ఎందుకంటే ఇద్దరి బోర్లకూ అనుమతి ఉండదు. మీది లేకపోతే ముందు నమోదుకు దరఖాస్తు పెట్టుకోండి. అనుమతి లేని బోరు యజమాని అనుమతి లేని ఇంకో బోరు మీద ఫిర్యాదు చేస్తే ఇద్దరికీ నోటీసులు వస్తాయి.

మీ బోరు పాతదని చూపడానికి కరెంటు సర్వీసు మంజూరైన తేదీ, పాత బిల్లులు, బోరు వేసినప్పటి రసీదు పనికొస్తాయి. అన్నింటికన్నా గట్టిది అడంగల్, తెలంగాణలో పహాణీ. అందులో నీటి ఆధారం అని ఒక గడి ఉంటుంది, బోరో బావో చెరువో అక్కడ రాస్తారు. కొత్తగా వచ్చిన ఆన్‌లైన్ పత్రాల్లో ఈ వివరం దొరక్కపోవచ్చు కాబట్టి పాత సంవత్సరాల పహాణీ నకళ్లకు తహసీలు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, సంతకం, ముద్ర ఉన్న నకళ్లే తీసుకోండి.

ఇక అవతలి వాళ్లవి. ఇక్కడ సమాచార హక్కు చట్టం బాగా పనిచేస్తుంది. తహసీలు కార్యాలయానికి రాసి ఈ నాలుగూ అడగండి: ఫలానా సర్వే నంబరులో బోరుకు వాల్టా అనుమతి ఇచ్చారా, ఇస్తే దాని నకలు, అనుమతికి ముందు భూగర్భ జల శాఖ ఇచ్చిన నివేదిక నకలు, బోరు వేసిన బండి రిజిస్ట్రేషన్ వివరం, మా గ్రామాన్ని వాల్టా కింద ఏ వర్గంగా ప్రకటించారో ఆ ఉత్తర్వు నకలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే లేదా అరకొరగా వస్తే ముప్పై రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. "అనుమతి ఇచ్చినట్టు మా రికార్డుల్లో లేదు" అనే ఒక్క వాక్యం ఆ జవాబులో వస్తే మీ కేసు సగం నిలబడినట్టే.

బోరు వేస్తుండగానే మీకు తెలిస్తే ఫొటోలు, వీడియో తీయండి. బండి నంబరు కనిపించాలి, తేదీ, స్థలం నమోదయ్యేలా ఫోనులో సెట్టింగు పెట్టుకోండి. అవి తర్వాత కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి, మీ లాయరుకు గుర్తుచేయండి. ఆ ఫోనును మార్చకండి, అమ్మకండి.

తహసీల్దారుకు అర్జీ

అర్జీలో తిట్లు, పాత కక్షలు, కులం మాటలు, రాజకీయం రాయవద్దు. ఒక పేజీ దాటవద్దు. ఇలా ఉంటే చాలు:

"తహసీల్దారు గారి సముఖమునకు. నేను ఫలానా గ్రామంలో సర్వే నం. ___లో ___ ఎకరాల భూమికి పట్టాదారుని. నా భూమిలో ___ సంవత్సరం నుంచి బోరు ఉంది, కరెంటు సర్వీసు నం. ___. ___ తేదీన పక్కనున్న సర్వే నం. ___లో కొత్త బోరు తవ్వారు. రెండు బోర్ల మధ్య దూరం ___ మీటర్లు. గ్రామ తాగునీటి బోరు అక్కడి నుంచి ___ మీటర్ల దూరంలో ఉంది. ఈ బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి లేదని మీ కార్యాలయం సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులో ఉంది. కొత్త బోరు నడిచినప్పుడు నా బోరులో నీటిమట్టం ___ అడుగులు పడుతోంది, కొలతలు జతచేశాను. భూగర్భ జల శాఖ ద్వారా స్థలాన్ని పరిశీలింపజేసి, ఇరుపక్షాలనూ విచారించి, చట్ట ప్రకారం రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వగలరని, అంతవరకూ ఆ బోరు నడపకుండా తాత్కాలికంగా ఆపించగలరని ప్రార్థిస్తున్నాను."

రాతపూర్వక ఉత్తర్వు అన్న మాట తప్పక ఉండాలి. నోటి మాటగా "చూస్తాం" అంటే దాని మీద మీరు అప్పీలు చేయలేరు. ఉత్తర్వు చేతికొస్తే, అది మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, పైకి వెళ్లే దారి తెరుచుకుంటుంది. అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. భూగర్భ జల శాఖ జిల్లా అధికారికీ, పంచాయతీకీ ఒక్కో ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తాగునీటి బోరు దెబ్బతింటుంటే గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు తప్పకుండా పంపాలి. అలాంటప్పుడు గొడవ మీ ఒక్కరిది కాదు, ఊరిది. పంచాయతీ తీర్మానం చేసి పంపితే అధికారులు దాన్ని పక్కన పెట్టలేరు. తాగునీరు జీవించే హక్కులో భాగమని కోర్టులు పదేపదే చెప్పాయి. సాగునీటికి ఆ స్థాయి రక్షణ దొరకదు. ధార్వాడ్ కేసులో కర్ణాటక హైకోర్టు భూమి యజమాని బోరు వేసుకునే హక్కును చట్టం ద్వారా తప్ప కేవలం అధికారి మాటతో ఆపలేరని కూడా చెప్పింది, అది కూడా గుర్తుంచుకోండి. అందుకే మీ అర్జీ వాల్టా చుట్టూనే తిరగాలి.

నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ముద్రపడిన పాత అర్జీ నకలుతో మళ్లీ ఇవ్వండి. దానికీ స్పందన లేకపోతే హైకోర్టులో రిట్, అంటే అధికారులను ఆదేశించమని నేరుగా హైకోర్టును అడిగే పిటిషన్. రిట్‌లో బోరు మూయించమని అడగడం కన్నా, "నా అర్జీ మీద నిర్ణీత గడువులో ఉత్తర్వు ఇవ్వమని ఆదేశించండి" అని అడిగితే త్వరగా తేలుతుంది. తేదీలు, ముద్రలు, రసీదులు వరసగా ఉన్న రిట్‌కు కోర్టు ఊరికే వినిపించుకోకుండా ఉండదు.

సివిల్ కోర్టు ఎప్పుడు

పక్కవాళ్ల భూమిలో పక్కవాళ్ల బోరు అయితే, పైన చెప్పిన 1882 చట్టం కారణంగా నేరుగా ఇంజంక్షన్‌కు వెళ్లడం నేను సలహా ఇవ్వను. కానీ మరో రకం నీటి తగాదాకు సివిల్ కోర్టే సరైన చోటు. అన్నదమ్ముల ఉమ్మడి బావిలో వంతు ఇవ్వకపోవడం, పక్క పొలం మీదుగా వెళ్తున్న మీ పైపులైను తెంచేయడం, బావి దగ్గరకు దారి మూసేయడం ఆ కోవలోకి వస్తాయి.

ఉమ్మడి బావిలో మీకు పాలు ఉందని పంపకాల కాగితంలోనో క్రయ దస్తావేజులోనో రాసి ఉంటే మీ హక్కు గట్టిది, దాన్ని ఎవరూ మూయలేరు. రాసి లేకపోయినా, పక్క పొలం మీదుగా నీటి కాలువో పైపో ఇరవై ఏళ్లుగా అడ్డులేకుండా, బాహాటంగా, హక్కుగా వాడుతుంటే ఈజ్‌మెంట్ పుడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని గడువు ఒకటుంది. ఎవరైనా అడ్డుకున్నాక రెండేళ్లలోపే దావా వేయాలి. "మా వాడే కదా, మాట్లాడుకుందాం" అని మూడేళ్లు ఊరుకుంటే ఆ ఇరవై ఏళ్ల లెక్క మీకు కలిసిరాదు.

దావా వేసేటప్పుడు తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్‌తో పాటు, అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసే లాయరును) నియమించి స్థలం చూసి కొలతలు తీయించమని కూడా అడగండి. భూగర్భ జల శాఖ నిపుణుడి సాయం ఇప్పించమని ఆ పిటిషన్‌లోనే రాయించండి. తెగిన పైపు ఆనవాళ్లు మీరు ఎంత చెప్పినా ఒక ఎత్తు, కమిషనర్ నివేదికలో ఉంటే మరో ఎత్తు. అవతలివాళ్లే ముందు కోర్టుకు వెళ్తారని అనుమానముంటే కేవియట్ వేసుకోండి, మీకు తెలియకుండా ఆర్డరు రాదు. అది తొంభై రోజులే పనిచేస్తుంది.

మాటలు ముదిరి కొట్లాట దాకా వచ్చే ప్రమాదం ఉంటే, నీటి వాడకం హక్కు మీద గొడవలను తాత్కాలికంగా తేల్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత సీఆర్‌పీసీలో 147, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 166వ సెక్షన్. ఏడాది పొడవునా వాడే హక్కయితే గొడవకు ముందు మూడు నెలల్లో, ఒక కాలంలోనే వాడేదయితే గడిచిన ఆ కాలంలో మీరు వాడుకున్నారని చూపాలి. మీ నోటు పుస్తకం ఇక్కడా పనికొస్తుంది. పంట నీటిని తగ్గించేలా కావాలని కాలువ తెంపినా, మోటారు పాడుచేసినా అది నేరమే. న్యాయ సంహిత 326వ సెక్షన్‌లో ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కోపంతో మీరు అవతలి వాళ్ల కేబులు కోస్తే అదే సెక్షన్ మీకూ వర్తిస్తుంది.

డబ్బు లేదని ఆగిపోవద్దు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే ఉచితంగా లాయరునిస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో తగాదా పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు.

మీరు ఇంకించిన నీరు ఎవరిది?

ఇది కొత్తగా పెరుగుతున్న తగాదా. మీరు సొంత డబ్బుతో నీటికుంట తవ్వి, బోరు చుట్టూ ఇంకుడు గుంత కట్టి, రెండు వానాకాలాల్లో మట్టం పెంచుకున్నారు. పక్కవాళ్లు వచ్చి ఆ పక్కనే బోరు వేశారు. మనసుకు ఇది దోపిడీలాగే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్ నగరం దూరం నుంచి తెచ్చిన నీరు నేలలోకి ఇంకితే, దాన్ని తిరిగి తోడుకునే హక్కు ఆ నగరానికే ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1975లో తీర్పిచ్చింది. మన దగ్గర ఇంకించినవారికి అలాంటి హక్కిచ్చే చట్టం లేదు. నేలలో కలిసిన నీటికి మీరు చేసిన ఖర్చు గుర్తుండదు. కాబట్టి రక్షణ ముందే కట్టుకోవాలి. కుంట తవ్వే ముందే చుట్టూ ఉన్న నలుగురైదుగురితో కూర్చుని, ఖర్చులో వాటా, కొత్త బోర్లు వేయకూడదన్న మాట, నడిపే వంతులు రాసుకోండి.

ఇలా రాసుకోవడం మన దగ్గర జరగని పనేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం వంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతుల భూగర్భ జల నిర్వహణ కార్యక్రమంలో పల్లె రైతులే బోర్లలో మట్టాలు కొలిచారు. యాసంగికి ముందు ఊళ్లో ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని గోడ మీద లెక్క రాశారు. ఎవరినీ ఏ పంటా వేయవద్దని ఆదేశించలేదు. లెక్క కళ్లెదుట కనబడేసరికి చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో గ్రామసభ సాగుకు బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకుని దశాబ్దాలుగా నిలబెట్టుకుంటోంది.

ఒప్పందం రాసుకుంటే ఇవి ఉండేలా చూడండి

తహసీల్దారు విచారణ మధ్యలోనైనా, కోర్టు వాయిదాల మధ్యలోనైనా రాజీ కుదిరితే దాన్ని నోటి మాటతో వదలకండి. పెద్దమనుషుల పంచాయితీలో కుదిరిన మాట మూడో ఎండాకాలానికి గుర్తుండదు.

వంతులు గంటల్లో రాయండి. తెలంగాణలో ఇరవై నాలుగు గంటల కరెంటు ఉంది కాబట్టి రాత్రి ఒకరు, పగలు ఒకరు అని పెట్టుకోవచ్చు, వారానికోసారి తారుమారు చేసుకోవచ్చు. ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటల సరఫరాలో రోజు విడిచి రోజు వంతు సరిపడుతుంది. రెండు చోట్లా ఆటో స్టార్టర్లు తీసేయాలని రాయండి, లేకపోతే కరెంటు రాగానే రెండు మోటార్లూ కలిసి లేస్తాయి. మీ బోరు పూర్తిగా ఎండిపోయి పక్క బోరులో నీళ్లుంటే, పైపులైను వేసుకుని అందులోంచే వంతు తీసుకునేలా, మోటారు రిపేరు ఖర్చు ఎవరెంత భరించాలో రాసుకోండి. మరో బోరుకు లక్షలు పోసి బండను తొలిచే కన్నా ఇది చాలా చవక. మట్టం ఇన్ని అడుగుల కిందికి దిగితే ఇద్దరూ వరి వేయకూడదని కూడా పెట్టుకోవచ్చు. ఎండిపోయిన బోరును మూతలేకుండా వదలవద్దని, ఇన్ని రోజుల్లో పూడ్చాలని ఒక షరతు చేర్చండి. పిల్లలు పడిపోయిన ఘటనల తర్వాత 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, రాళ్లతో నింపాలి.

చివరగా, భూమి అమ్మితే ఏమవుతుందో రాయండి. "ఈ వంతు మా వారసులకూ, కొనుగోలుదారులకూ వర్తిస్తుంది" అన్న వాక్యం ఉండాలి, ఇరు సర్వే నంబర్లూ హద్దులూ ఉండాలి. పక్కవాళ్ల బోరులో నీటి హక్కు, వాళ్ల భూమి మీదుగా పైపు హక్కు స్థిరాస్తికి సంబంధించినవి కాబట్టి స్టాంపు కాగితం మీద సంతకాలు చేసి ఇంట్లో పెట్టుకుంటే చాలదు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలి. అయ్యాక రెండు సర్వే నంబర్లకూ ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, ఒప్పందం వాటిలో కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపించకపోతే అదే వారంలో సవరణకు దరఖాస్తు పెట్టండి.